మస్కట్ ఆటగాడికి పంపిన పాన్

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన మనిషిని మా జహీరాబాద్‌లో దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లు. ముందు సెంటు వాసన వచ్చేది, తర్వాత భుజాన వేలాడే టేప్ రికార్డర్ వచ్చేది, మనిషి చివర వచ్చేవాడు. జనం అతని పెట్టె వైపు చూసేవాళ్లు. ఒక్కడు దిగినప్పుడు మాత్రం బస్టాండులో అందరి చూపూ కాళ్ల మీదికి పోయేది. అతను తాపీ పనికో డ్రైవరు పనికో పోయినవాడు కాదు. అక్కడ ఒక క్లబ్బు తరఫున ఫుట్‌బాల్ ఆడటానికి నెల జీతం మీద పోయినవాడు. ఆడుకున్నందుకు జీతమిస్తారనే సంగతి మా ఊరు చాలాకాలం నమ్మలేదు. అక్కడ ఇంకేదో పని చేస్తున్నాడని, చెప్పుకోవడానికి ఇష్టంలేక ఫుట్‌బాల్ అంటున్నాడని కొందరు గట్టిగా అనుకున్నారు.

నేను మొదటి రోజు నుంచే నమ్మాను. అతను ఆట నేర్చుకున్నది మా మైదానంలోనే.

మాది దొరల ఇల్లు, కోటలాంటి ఆ గడి వెనక గట్టి ఎర్రమట్టి నేల ఒకటి ఉంది. మా తాత కాలంలో అక్కడ గుర్రాలను తిప్పేవాళ్లు. ఆయన ఒకసారి హైదరాబాద్ పోయినప్పుడు సిపాయిలు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూసి వచ్చి, గుర్రాల కంచె పీకించి, నేల చదును చేయించి, రెండు వైపులా టేకు గుంజలు పాతించాడు. తను మాత్రం ఒక్కసారి కూడా బంతిని తన్నలేదు. చేతుల కుర్చీ వేయించుకుని చూసేవాడు. మా తాత ఏదీ పద్ధతి లేకుండా మొదలుపెట్టే మనిషి కాదు కాబట్టి ఆటకు కూడా ఒక పద్ధతి పెట్టాడు.

ఏటా వానలకు ముందు బీదర్ నుంచి వచ్చే జట్టుతో మా ఊరి జట్టు ఆడేది. గెలిచినవాళ్ల దగ్గర మా తాత చేయించిన వెండి కప్పు ఏడాదిపాటు ఉండేది. ఆటకు రెండు రోజుల ముందు గడి నుంచి ఒక్కో ఆటగాడి ఇంటికి ఇత్తడి తాంబాళం వెళ్లేది. అందులో నీలిమందులో అద్దిన బనియన్ ఒకటి మడతపెట్టి, దాని మీద ఒక నిమ్మకాయ, లవంగం గుచ్చిన పాన్ పెట్టేవాళ్లం. తాంబాళం గడప మీద దించాలి. ఆటగాడు బనియన్ కళ్లకద్దుకుని పాన్ నోట్లో వేసుకుంటే ఆడతానని మాట ఇచ్చినట్టు. ఆ తర్వాత కారణాలు చెప్పడం లేదు. ఒకాయన జ్వరంతో తలకు తువ్వాల చుట్టుకుని ఆడాడు. ఇంకొకాయనకు ఆట రోజునే కొడుకు పుడితే, చూడ్డానికి ఆట అయ్యాకే వెళ్లాడు. నిజంగా వీలుకానివాళ్లకు కూడా మా తాత దారి ఉంచాడు. పాన్ చేత్తో ముట్టి, బనియన్‌తో సహా వాపసు పంపవచ్చు. అందులో అవమానం లేదు.

అవమానమంతా తాంబాళం రాకపోవడంలో ఉంది. ఎప్పుడో ఒకతను బీదర్ వాళ్లతో లోపాయికారీగా మాట్లాడుకుని ఆట ఓడించాడని తేలితే మరుసటి ఏడు అతని ఇంటికి తాంబాళం పోలేదు. ఆ ఇంటివాళ్లను మనవల కాలం దాకా ‘తాంబాళం తప్పినోళ్లు’ అనే పిలిచారు.

డెబ్బైలలో భూములు సీలింగు చట్టంలో పోయాయి. గడి ముందు భాగం ఎరువుల గోదాముకు కిరాయికిచ్చాం. నేను చెరకు ఫ్యాక్టరీలో తూకం దగ్గర ఉద్యోగానికి సైకిల్ మీద వెళ్లి వచ్చేవాణ్ని. ఇవి చెప్పడానికి నాకు సిగ్గు లేదు, చెప్పుకుని జాలి పుట్టించే అలవాటూ లేదు. వెనక మైదానం అమ్మమని అడగడానికి వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి పంపేవాణ్ని. తాంబాళం ఏ ఏడూ ఆపలేదు.

మస్కట్ పోయిన ఆటగాడి తండ్రి మా గుర్రాలను చూసుకున్న మనిషి. గుర్రాలు అమ్మేశాక టాంగా తోలాడు, కొంతకాలానికి చనిపోయాడు. తల్లి బుట్టలో గాజులు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. మనిషి సన్నగా ఉండేది, గొంతు మాత్రం గల్లీ చివరికి వినిపించేది. పాన్ లేనిదే ఆమెకు మాట వచ్చేది కాదు. తొలిసారి తాంబాళం పంపినప్పుడు అతను జట్టులో అందరికంటే చిన్నవాడు. అప్పట్లో అందరూ ఉత్త కాళ్లతోనే ఆడేవాళ్లు. మిగిలినవాళ్లు బంతి వెంట పరిగెత్తేవాళ్లు. అతని దగ్గరికి వచ్చిన బంతి, పెంచిన మేకపిల్ల గుమ్మం దగ్గర ఆగినట్టు ఆగేది. అతను దాన్ని గట్టిగా తన్నగా నేను చూడలేదు. ఎక్కడికి పోవాలో చెప్పి పంపినట్టు ఉండేది.

సంగారెడ్డిలో ఒక పోటీలో చూసి హైదరాబాద్‌లోని ఒక సర్కారు శాఖ జట్టువాళ్లు అతనికి ఉద్యోగమిచ్చి తీసుకుపోయారు. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు మడమలు రెండూ పుండ్లు. “బూట్లేసుకుంటే బంతి నాతోని మాట్లాడతలేదు దొరసాబ్” అన్నాడు. ఇంత చిన్నదానికి తిరిగి వచ్చేస్తాడేమోనని నాకు దిగులేసింది. అతను ఆ సెలవులో బూట్లు నీళ్లలో నానబెట్టి, తడివి తొడుక్కుని, అవి కాళ్ల మీదే ఆరేదాకా ఊరంతా తిరిగాడు. ఆరాక మళ్లీ నానబెట్టాడు. అల్లం మండి దగ్గర జనం నవ్వారు. సెలవు అయిపోయేసరికి ఆ బూట్లు అతని చర్మమైపోయాయి.

ఎనభైల మొదట్లో మస్కట్ క్లబ్బు వాళ్లొకరు అతని ఆట హైదరాబాద్‌లో చూసి రమ్మన్నారు. వెళ్లే ముందు నాకు చెప్పడానికి వచ్చాడు. మా వాకిట్లోకి చెప్పులు వేసుకుని రాకూడదన్న పాత మర్యాద అప్పటికి పోయింది. ఎరువుల లారీ డ్రైవర్లు బూట్లతో గడప దాకా వచ్చేవాళ్లు. అతను దర్వాజా బయటే చెప్పులు విప్పి వచ్చాడు. నేను వద్దనలేదు. అతనికి తెలిసిన మర్యాద అతను చేశాడు, నాకు తెలిసిన మర్యాదతో నేను తీసుకున్నాను. లేచి నిలబడి చెయ్యి కలిపాను. మా ఇంట్లో అంతకుముందు ఏ ఆటగాడి కోసం ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

అక్కడి నుంచి క్యాసెట్లు వచ్చేవి. ఉత్తరాలు రాసే అలవాటు అతనికీ లేదు, చదివే వీలు తల్లికీ లేదు. ఒక క్యాసెట్‌లో ఆట జరుగుతుండగా మైదానం చప్పుడు ఎవరి చేతో పట్టించి పంపాడు. దాన్ని మా జట్టు కెప్టెన్ గడి ఎదురు హోటల్లో అందరికీ వినిపించాడు. ఈ కెప్టెన్ అల్లం మండిలో కమీషన్ వ్యాపారి. గట్టి మనిషి, గట్టి గొంతు, ఆట ఓ మోస్తరు. నేను హోటళ్లకు పోను. మేడ మీది వసారాలో నిలబడి విన్నాను. సముద్రం లాంటి హోరు. వేలమంది “హిందీ! హిందీ!” అని అరుస్తున్నారు. మన దేశపు మనిషిని అక్కడ అలా అంటారట. హోరు తగ్గాక అతని గొంతు దగ్గరగా వినిపించింది. “అమ్మీ, సునే?” అన్నాడు. విన్నావా అని. తల్లి గాజుల బుట్ట పక్కన పెట్టుకుని, మళ్లీ వెయ్యమని కెప్టెన్‌తో ఆ పూటంతా వేయించింది.

వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు అక్కడి సంగతులు చెప్పేవాడు. ఎండకు తాళలేక పొద్దు గుంకాకే ఆడతారని, మైదానంలో పచ్చగడ్డికి తాగే నీళ్లకంటే తేటైన నీళ్లు పెడతారని, జట్టులో సుడాన్ వాళ్లు, ఈజిప్ట్ వాళ్లు ఉన్నారని, వాళ్లకు తను పప్పు వండి పెడితే చింతపండు పులుపుకు ఏడుస్తూ తిన్నారని. మొదటి ఏడు అతణ్ని ఆడించనే లేదట. యూరప్ నుంచి వచ్చిన కోచ్ ఒకడు అతణ్ని గీత పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, బంతిని చూడొద్దు, బంతి లేనివాళ్లను చూడమన్నాడట. రోజూ అదే పని. పిచ్చెక్కిందన్నాడు. “నేను బాగ ఉరుకుత అని తీసుకపోయిన్రు దొరసాబ్. పోయినంక, ఆలస్యంగొచ్చేటోడు ఉరుకుతడు, నువ్వు ముందుగాల్నే ఉండు అన్నడు.” తాత కుర్చీలో కూర్చుని జీవితమంతా ఆట చూసినవాణ్ని నేను. ఆ మాట అర్థం చేసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

ఆ ఏడాది అతను మామూలుకంటే ముందే వచ్చాడు. నడకలో ఏమీ తెలియలేదు. అప్పటికి కొన్నేళ్లుగా వెండి కప్పు బీదర్‌లోనే ఉంది. కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు.

“కప్పు బీదర్‌ల ఉన్నది, ఆడు ఊర్ల ఉన్నడు. ఇంక మీరేం ఆలోచన జేస్తున్రు దొరసాబ్? మొదటి తాంబాళం ఆనికే పంపున్రి.”

అంతకుముందు సెలవుల్లో అతను వచ్చేసరికి ఆట అయిపోయేది, లేదా ఆటకు ముందే వెళ్లిపోయేవాడు. ఈసారి ఆట నాటికి ఊళ్లోనే ఉంటాడు. ఊరంతా అదే మాట. చిరాగ్‌పల్లి, న్యాల్‌కల్ నుంచి కూడా జనం వస్తారని చెప్పుకున్నారు.

అతను ఒక సాయంత్రం ఒక్కడే వచ్చాడు. పైజామా కాలు పైకి మడిచి ఎడమ మోకాలు చూపించాడు. పక్కన పొడుగ్గా కుట్ల గుర్తు. చలికాలంలో దెబ్బ తగిలితే కోశారట. క్లబ్బు అతణ్ని వదిలెయ్యలేదు. సెలవు అయ్యాక రమ్మంది. డాక్టరు మోకాలు చూసి సరే అంటే ఇంకో రెండేళ్లు ఆడతాడు. కాదంటే విమానం టికెట్టు చేతిలో పెడతారు. సెలవులో ఎక్కడా ఆడొద్దని మాట తీసుకున్నారు. ఈ కోత సంగతి తల్లికి చెప్పలేదు. చెబితే మళ్లీ పోనివ్వదు.

“మస్తు ఆడిన కదా, ఇంక సాలు అంటరు అందరు” అన్నాడు. “నాల ఇంక ఆట మిగిలున్నది దొరసాబ్. ఇప్పుడిప్పుడే తెలుస్తున్నది ఎట్లాడాలెనో.”

అతని ఇబ్బంది నాకు పూర్తిగా అర్థమైంది. తాంబాళం వస్తే ఆడాలి. రాకపోతే తల్లి గల్లీలో తల ఎత్తుకోలేదు. బీదర్ వాళ్లతో మాట్లాడుకున్నాడనే అంటారు. నేను మా తాత పెట్టిన దారినే చెప్పాను.

“తాంబాళమైతే వస్తది. పాన్ ముట్టి వాపస్ పంపు. అడిగినోళ్లకు నేను జవాబు చెప్త.”

అతను ఊపిరి వదిలి నవ్వాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఇంట్లోనే ఉంటానని, తనే గడప దగ్గర నిలబడి ముట్టి పంపుతానని చెప్పాడు. తాంబాళాలు ఎప్పుడూ ఆ వేళకే వెళ్లేవి. కెప్టెన్ ఇంటితో మొదలయ్యేవి.

మా ఇంటి ముసలి నౌకరు ఆ పని తాత కాలం నుంచి చేస్తున్నాడు. వరుస అతనికి నిద్రలో కూడా తప్పదు. ఆ ఏడు మాత్రం కెప్టెన్ అడిగినట్టు మొదటిది మస్కట్ ఆటగాడికి పంపమన్నాను. గౌరవం ఇస్తే పూర్తిగా ఇవ్వాలనుకున్నాను. మొదటి తాంబాళం అనేసరికి ముసలాయన దాన్ని పెళ్లి ముహూర్తంలా తీసుకున్నాడు. వర్జ్యం రాకముందే పోవాలని పొద్దున్నే తలకు రుమాలు చుట్టుకుని బయల్దేరాడు. నేను ఫ్యాక్టరీకి వెళ్లడానికి సైకిల్ తుడుస్తున్నాను. అతను ఖాళీ తాంబాళంతో తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“పాన్ తిన్నరు దొరా.”

“ఎవరు తిన్నరు?”

“ఆళ్లమ్మ. ఆడు మంగలి దుకాణం పోయిండంట. గడపల నిలవడి, కొంగు తల మీద కప్పుకొని, బనియన్ కండ్లకద్దుకొని తిన్నది. గల్లీ గల్లీ చూసిన్రు.”

గుర్రాలను చూసుకుంటూ బతికిన మనిషి భార్య ఆమె. ఊళ్లో అందరికంటే ముందు తమ ఇంటికి తాంబాళం రావడం ఆమెకు ఎంతటిదో నేను ఊహించగలను. పాన్ చూస్తే ఆగలేని మనిషి కూడా. కొడుకు లేడు. వచ్చినదాన్ని గడప మీద ఎండబెట్టడం మర్యాద కాదనుకుని ఉంటుంది. ఆ ఎర్రటి నోటితోనే గాజుల బుట్ట ఎత్తుకుని బజారుకు బయల్దేరింది. ఫ్యాక్టరీలో పన్నెండు గంటల సైరన్ మోగకముందే ఊళ్లో ప్రతి ఇంటికీ తెలిసిపోయింది. ఆ రోజు గాజులు కూడా బాగా అమ్ముడయ్యాయని తర్వాత విన్నాను.

నేను ఫ్యాక్టరీకి వెళ్లలేదు. అతను సగం గడ్డం గీసుకున్న ముఖంతో వచ్చాడు. మంగలి దుకాణంలోనే అభినందనలు అందాయట. అతని వెనకే కెప్టెన్ కూడా వచ్చాడు. నేను ఇద్దరి ముందూ చెప్పాను, గడి ఆ మాటను వాపసు ఇస్తోందని. మా ఇంటి చరిత్రలో అలా ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వాల్సి వస్తే ఇతనికే ఇవ్వాలి.

అతను సగం గీసిన గడ్డం తడుముకున్నాడు. తర్వాత నవ్వాడు.

“మీరు ఇస్తరు దొరసాబ్. అమ్మీ నోరు ఎట్ల కడుగుత?”

మోకాలి సంగతి తెలియని కెప్టెన్ అయోమయంగా చూశాడు. అతను కెప్టెన్ భుజం మీద చెయ్యి వేసి, “ఆడుత. గని ఉరక” అన్నాడు.

“ఉరకకుంట ఫుట్‌బాల్ ఎట్లాడుతవ్ భయ్?”

“ఎల్లుండి చూస్తవు.”

అతను వెళ్లాక నేను చాలాసేపు వసారాలో కూర్చున్నాను. మా ఎర్రమట్టి నేల సంగతి నాకు తెలుసు. పడితే తోలు లేస్తుంది. అది పచ్చగడ్డి మీద ఆడే మోకాలికి తగిన చోటు కాదు.

ఆట నాడు మబ్బు పట్టింది, గాలి లేదు. గోదాము గోడ మీద, లారీల మీద జనం. గడి వెనక కిటికీ దగ్గర మా ఇంటి ఆడవాళ్లు కూర్చుని చూసేవాళ్లు. అక్కడ అతని తల్లికి కుర్చీ వేయించాను. ఆమె కొడుకు ఆట విన్నదే గాని పెద్దయ్యాక ఎప్పుడూ చూడలేదు. నేను తాత కుర్చీలో కూర్చున్నాను.

మొదటి సగంలో అతను మధ్యలో నిలబడ్డాడు. నిజంగానే నిలబడ్డాడు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. బంతి వస్తే పక్కవాడికిచ్చి మళ్లీ నిలబడేవాడు. మావాళ్లు అలవాటు కొద్దీ బంతి వెంట గుంపుగా పరిగెత్తారు. బీదర్ వాళ్లు ఒక గోల్ వేశారు. లారీ మీది నుంచి ఒకడు, “మస్కట్‌ల నిలవడ్డందుకు గూడ జీతమిస్తరారా?” అన్నాడు. ఇంకొకడు, “సెంటు పోతదని చెమట పట్టనిస్తలేడు” అన్నాడు. జనం నవ్వారు. నేను తల తిప్పలేదు. నా కళ్లు అతని ఎడమ మోకాలి మీదే ఉన్నాయి.

సగం ఆట అయ్యాక అతను జట్టును గోడ నీడలోకి పిలిచాడు. తాంబాళాల్లోంచి వచ్చిన నిమ్మకాయలు అడిగి తీసుకుని నేల మీద పేర్చాడు. ఇది నువ్వు, ఇది నువ్వు అని చూపించాడు. బంతి నా కాలికి రాగానే మీరు బంతిని చూడొద్దు, ఖాళీ జాగాలోకి పొండి, బంతి వస్తుందా రాదా అని వెనక్కి తిరగొద్దు, వస్తుంది అని చెప్పాడు. కెప్టెన్ ఒక నిమ్మకాయ తీసుకుని వాసన చూసి, “ఇది నేనేనా?” అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే లోపలికి వెళ్లారు.

తర్వాత జరిగింది నేను చాలామందికి చెప్పాను, చెప్పిన ప్రతిసారీ చాలలేదనిపించింది. అతను అప్పుడు కూడా ఉరకలేదు. నిలబడే ఉన్నాడు. కాని మిగిలిన మైదానమంతా అతని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అతను చూడని వైపుకు బంతి పోయేది, అక్కడ మావాడు ఉండేవాడు. వెనక్కి పోయిందనుకున్న బంతి ఇద్దరి మధ్యలోంచి ముందు తేలేది. జీవితంలో ఎప్పుడూ గోల్ వెయ్యని మా కుడివైపు కుర్రవాడు గుంజల ముందు ఒంటరిగా నిలబడి, తన కాళ్ల దగ్గరికొచ్చిన బంతిని చూసి ఒక క్షణం భయపడ్డాడు. తర్వాత తన్నాడు. గోల్స్ సమానమయ్యాయి. లారీ మీద జీతం మాట అన్నవాడే ఈల వేశాడు. ముందుగానే ఉండటమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

బీదర్ జట్టులో వెనక కాపలా కాసే మనిషి ఒకడు, గానుగ ఎద్దులాంటివాడు. ఇదంతా ఎక్కడి నుంచి వస్తోందో అతనికి తెలిసింది. తన చోటు వదిలి నేరుగా మా మస్కట్ ఆటగాడి కాళ్ల మీదికి రావడం మొదలుపెట్టాడు. వచ్చేసరికి బంతి ఉండేది కాదు. రెండోసారీ అంతే. మూడోసారి వస్తుంటే మావాడు బంతిని పంపలేదు. పాదం కింద పెట్టుకుని అతని కోసమే ఆగినట్టు ఆగాడు. నేను కుర్చీలోంచి లేచాను. ఆ మనిషి దూరం నుంచే నేల మీదికి జారి, రెండు కాళ్లూ ముందుకు చాచి, దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. మావాడు బూటు కొనతో బంతిని అతని మీదుగా లేపి, తనూ లేచి, అవతల ఒంటికాలి మీద దిగాడు. కుడికాలి మీద. ఎడమ కాలు గాలిలోనే ఉంది. కుంటాట ఆడే పిల్లలా ఇంకో గెంతు వేసి, రెండో గెంతులో బంతిని కెప్టెన్ ముందుకు తోశాడు. వెనక కాపలా లేదు. కెప్టెన్ కాలు అడ్డం పెడితే చాలు, పెట్టాడు. ఆ గోల్ తనదేనని కెప్టెన్ బతికున్నన్నాళ్లూ చెప్పుకున్నాడు. ఎవరూ కాదనలేదు.

మావాడు గోల్ వైపు చూడకుండా వెనక్కి వచ్చి, కిందపడ్డ మనిషికి చెయ్యిచ్చి లేపాడు. ఆ మనిషి తొడ దోక్కుపోయి రక్తం కారుతోంది. దుమ్ము దులుపుకుంటూ కన్నడంలో, “ఏనప్పా, నీను ఆడ్తీయో, నమ్మన్న ఆడిస్తీయో?” అని నవ్వాడు. నువ్వు ఆడుతున్నావా, మమ్మల్ని ఆడిస్తున్నావా అని.

కప్పు గడికి తిరిగొచ్చింది. జనం పోయాక అతను వెనక మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. నేను అతని మోకాలి వైపు చూశాను. “బరాబరున్నది దొరసాబ్, ఫికర్ చెయ్యకున్రి” అన్నాడు.

కిటికీ గదిలోంచి తల్లి వచ్చింది. కొడుకును పొగడటానికి వస్తోందనుకున్నాను. ఆమె అతని ముందు నిలబడింది.

“బేటా, నువ్వు ఎడమకాలి మీద ఒక్కసారి గూడ దిగలే. ఎందుకు?”

అతను బూటు తాళ్లు సర్దుతూ ఏదో అన్నాడు.

“నాతోని చెప్పకు. గుర్రం గిట్ల కాలు దాస్తె మీ అబ్బ లాయంల కట్టేసెటోడు, పెద్దదొర అడిగినా ఇప్పకపోయెటోడు. కాలు చూపియ్.”

చూపించాడు. ఆమె వంగి కుట్ల మీద వేలితో ఒకసారి రాసింది. అతను అంతా చెప్పాడు, డాక్టరు సంగతి, క్లబ్బు సంగతి, పాన్ వాపసు పంపుదామనుకున్న సంగతి. ఆమె నా వైపు తిరిగింది.

“నీకెర్కేనా చిన్నదొరా?”

“ఎర్కే అమ్మా. పాన్ వాపస్ వస్తదనుకున్న.”

“మరి నాకెవలు చెప్పిన్రు?” అంది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో నాకు తెలియలేదు. కొంగు తీసేసరికి ముఖం మామూలుగానే ఉంది. “పో. పోయి ఆడుకో. ఆట అయినంకనే రా” అంది కొడుకుతో. పోనివ్వదేమోనని అతను ఇన్నాళ్లూ పడిన భయం ఆ ఒక్క మాటతో తీరిపోయింది.

మర్నాడు పొద్దున అతను నీలం బనియన్ తనే ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. ఆట అయ్యాక బనియన్లు గడికి తిరిగి రావాలి, అదీ పద్ధతే. మస్కట్ నుంచి తెచ్చిన అతని పెట్టెలో వీపు మీద అంకె ఉన్న పట్టులాంటి చొక్కాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి నాకు ఇవ్వబోయాడు. మా బనియన్ మాది, మీ చొక్కా మీది అన్నాను. అతనికి నచ్చింది. సెలవు తీరాక బొంబాయి బస్సెక్కాడు.

డాక్టరు సరే అన్నాడని క్యాసెట్ వచ్చింది. రెండేళ్లు అన్నదాన్ని ఇంకా పొడిగించారు. ఈసారి అతను చాలా నిదానంగా ఆడుతున్నాడని, కుర్రవాళ్లు అతని చుట్టూ తిరుగుతారని అక్కడి నుంచి వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. నాకు కళ్ల ముందు నిమ్మకాయలు కనిపించేవి.

అతను ఊళ్లో ఉన్నా లేకపోయినా ఏటా మొదటి తాంబాళం అతని ఇంటికే పంపాను. తల్లి గడపలో నిలబడి తల మీద కొంగు కప్పుకుని బనియన్ కళ్లకద్దుకునేది. పాన్‌ను వేలితో ముట్టి వాపసు పంపేది. పాన్ లేనిదే మాట రాని మనిషి, దాని వాసన ముక్కు దాకా తెచ్చుకుని, తాంబాళంలో జాగ్రత్తగా తిరిగి పెట్టేదని ముసలి నౌకరు చెప్పేవాడు. పెట్టేముందు లవంగం సరిచేసేదట.

ఎనభైలు ముగిసేటప్పుడు ఒక వేసవిలో అతను పెట్టెలన్నీ తీసుకుని వచ్చాడు. మోకాలు ఇంక పనికిరాదని వాళ్లు చెప్పలేదు, అతనే చెప్పి వచ్చాడట. ఆ ఏడు వర్జ్యం గిర్జ్యం చూడకుండా ముసలాయన మధ్యాహ్నమే తాంబాళం తీసుకుపోయాడు. ఖాళీగా తిరిగొచ్చింది. సంగతి ముసలాయనే చెప్పాడు. కొడుకు గడపలోనే ఉన్నాడట. అయినా తల్లే తిన్నదట, కొడుకే నోట్లో పెట్టాడట.

ఆ ఆదివారం బీదర్ వాళ్లతో ఆటలో, మా మైదానంలో అతను ఉరికాడు. కుంటుతూనే, ఆ చివరి నుంచి ఈ చివరికి, బంతి ఉన్నా లేకపోయినా, కోచ్ చెప్పిన ఆ ఆలస్యంగా వచ్చేవాళ్లందరికంటే ఎక్కువగా ఉరికాడు.